పాల సెంటర్ లెక్కలతో యూఎంఎల్ ల్యాబ్: నా అనుభవం

మా వైపు ఇంజనీరింగ్ చదివిన ఎవరినైనా అడగండి, యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో బొమ్మల్లో గీసి చూపే పద్ధతి) ల్యాబ్ అనగానే గుర్తొచ్చేది రికార్డే, అంటే ల్యాబ్‌లో చేసినవన్నీ రాసి చూపించాల్సిన పుస్తకం. లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఏటీఎం, రైల్వే రిజర్వేషన్. ఈ మూడూ సీనియర్ల నుంచి జూనియర్లకు ఆస్తి పంపకంలా వచ్చేస్తుంటాయి. ఒక్కో సిస్టమ్‌కి యూజ్ కేస్ బొమ్మ (ఎవరు ఏ పని కోసం వస్తారో చూపేది), క్లాస్ బొమ్మ (అందులో ఏమేం ఉంటాయో, వాటి మధ్య సంబంధాలేంటో డబ్బాలూ గీతలతో చూపేది), సీక్వెన్స్, యాక్టివిటీ, కాంపొనెంట్, డెప్లాయ్‌మెంట్... వరసపెట్టి పెన్సిల్‌తో, స్కేలు పెట్టి నీట్‌గా గీసేస్తారు. ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చే పరీక్షకులు, వస్తారు. ‘అగ్రిగేషన్‌కీ కంపోజిషన్‌కీ తేడా ఏంటమ్మా?’ అంటారు. ‘అది ఖాళీ డైమండ్ సార్, ఇది నిండు డైమండ్’ అంటారు పిల్లలు. మొత్తానికీ దాని భాగానికీ ఉన్న సంబంధం చూపే రెండు గుర్తులివి. ఆకారం చెబితే చాలు, మార్కులు పడిపోతాయి.

తిరుపతి పక్కన ఒక కాలేజీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టూ, దాంతో వచ్చే ఈ ల్యాబూ కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. మూడో సంవత్సరం పిల్లలు. పాకాల, పూతలపట్టు, ఐరాల, పలమనేరు, పుంగనూరు వైపు నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. జావాలోనో పైథాన్‌లోనో ప్రోగ్రాం రాయమంటే రాస్తారు. పుస్తకంలో లేని సమస్య ఒకటి ఇచ్చి, ‘దీనికి సాఫ్ట్‌వేర్ చేయాలంటే ముందు ఏం తెలుసుకోవాలి?’ అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు ‘లాగిన్ పేజీ మేడమ్’ అంటారు.

ఆ లాగిన్ సంగతి కొంచెం చెప్పాలి. లాగిన్ లేని యూజ్ కేస్ బొమ్మ నా టేబుల్ మీదికి ఎప్పుడూ రాలేదు. యూజర్ అని ఒక పుల్ల మనిషి, పక్కన కోడిగుడ్డు ఆకారంలో లాగిన్, దాని కింద లాగౌట్. లాగిన్ అవుదామని పొద్దున్నే లేచి బ్యాంకుకి పోయేవాళ్లు ఎవరైనా ఉంటారా? ఇవార్ జేకబ్‌సన్ ఎరిక్‌సన్ కంపెనీలో టెలిఫోన్ స్విచ్చింగ్ సిస్టమ్‌ల మీద పనిచేసిన అనుభవంతో 1980ల్లో యూజ్ కేసులకు ఒక రూపం ఇచ్చాడు. మనిషి ఏ పని పూర్తి చేసుకోవడానికి వచ్చాడన్నదే అందులో ముఖ్యం. ఫోన్ చేసేవాడికి కావాల్సింది అవతలి మనిషితో మాట్లాడడం, రిసీవర్ ఎత్తడం కాదు కదా.

క్లాస్ బొమ్మలకూ ఇలాంటి జబ్బులే ఉంటాయి. మధ్యలో ‘సిస్టమ్’ అని ఒక పెద్ద డబ్బా, చుట్టూ ఉన్న డబ్బాలన్నిటి నుంచీ దానికి గీతలు. ప్రతి డబ్బాలోనూ ఒక ఐడీ. లైబ్రరీ బొమ్మలో ‘పుస్తకం’ డబ్బాలో స్టూడెంట్ ఐడీ, ‘స్టూడెంట్’ డబ్బాలో బుక్ ఐడీ. రెండింటి మధ్య గీత గీశాక మళ్లీ ఆ ఐడీలెందుకు అంటే, ‘ఫారిన్ కీ మేడమ్’ అని జవాబు. డేటాబేస్‌లో ఒక పట్టికను ఇంకో పట్టికతో కలిపే ఐడీని అలా అంటారు. ముందు సెమిస్టర్‌లో చదివిన డేటాబేస్ సబ్జెక్టు ఇంకా చెవుల్లో మోగుతూనే ఉంటుంది పాపం.

తప్పు పిల్లలది అనను. మేము నేర్పే పద్ధతే అలా ఉంది. 1990ల మొదట్లో సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీసే పద్ధతులు తయారుచేసినవాళ్లలో ఎవరి గుర్తులు వాళ్లవే. గ్రేడీ బూచ్‌వి మబ్బుల్లాంటి ఆకారాలు, జేమ్స్ రంబావి దీర్ఘచతురస్రాలు. వాళ్లిద్దరూ, జేకబ్‌సన్ కలిసి రేషనల్ కంపెనీలో ఆ గుర్తులన్నీ ఒకచోటికి తెచ్చారు. అదే యూఎంఎల్. 1997లో ఓఎంజీ అనే ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది. ఇప్పటి యూఎంఎల్ 2.5లో 14 రకాల బొమ్మలున్నాయి. ల్యాబ్ మాన్యువల్ రాసేవాళ్లకు ఇది చాలా సౌకర్యం, వారానికో రకం చొప్పున పెట్టేస్తే సెమిస్టర్ గడిచిపోతుంది. కానీ వంట రాని వాడికి వారానికో గిన్నె పేరు చెబుతూ పోతే ఏమొస్తుంది?

అందుకని ఒక ఏడాది గుర్తుల్ని వెనక్కి పెట్టి సమస్యను ముందుకు తెద్దామనుకున్నాను. హెచ్‌ఓడీ గారిని అడిగితే అభ్యంతరం చెప్పలేదు, ఒక్క షరతు తప్ప. ‘రికార్డు మాత్రం ఆగకూడదమ్మా, ఎక్స్‌టర్నల్ దగ్గర మాట వస్తుంది.’ సరే, రికార్డు రికార్డే. అందులో ఉండే సమస్య మాత్రం నేను ఎంచుకుంటానన్నాను.

ఎంచుకున్నది ఊళ్లో పాలు సేకరించే పాల సెంటర్. చిత్తూరు వైపు ఊరికి ఒకటైనా ఉంటుంది. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడినా ఈ ప్రాంతంలో పాడి తగ్గలేదు. ప్రైవేటు డెయిరీల సెంటర్లు ఊరూరా ఉన్నాయి. క్లాసులో చేతులెత్తమంటే సగానికి పైగా ఇళ్లలో జెర్సీ ఆవులున్నాయి. కాలేజీ ఫీజులో పాల బిల్లు వాటా ఎంతో ఈ పిల్లలకు బాగా తెలుసు. తెలిసిన విషయమైతే తేలిగ్గా గీసేస్తారని కాదు నా ఉద్దేశం. తెలుసనుకున్న దాంట్లో తెలియనిది ఎంతుందో బయటపడాలని.

మొదటి పని ఊరికి వెళ్లి అడిగి రావడం. వెళ్లేముందు రెండే షరతులు పెట్టాను. ‘మీకు సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కావాలి?’ అని ఎవరినీ అడగొద్దు. అలా అడిగితే ‘అన్నీ ఆన్‌లైన్ చేసేయండి’ అంటారు, దానితో మనకు పని జరగదు. ‘నిన్న సాయంత్రం ఏం జరిగింది?’ అని అడగండి, మొన్న ఉదయం ఏం జరిగింది అని అడగండి. ఇక రెండోది, చేతికొచ్చిన ప్రతి స్లిప్పునీ, గోడ మీద అంటించిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసుకురావాలి.

పాకాల వైపు వెళ్లిన గుంపుతో నేనూ వెళ్లాను. సాయంత్రం పూట, క్యాన్లు దించే చప్పుడు, ఒకవైపు పాలు కొలవడం, ఒకవైపు చిన్న మెషిన్‌లో శాంపిల్ పెట్టి వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) చూడడం. మా క్లాసు అమ్మాయి ఒకత్తి నోట్‌బుక్కు పట్టుకుని వరసలో నిలబడిన ఒక పెద్దామెను పలకరించింది.

‘అవ్వా, కార్డు ఎవురి పేరు మీద ఉండాది?’

‘మా కోడలి పేరు మీద. దుడ్లు దాని అకౌంట్లోనే పడతాయి. ఆవులు మాత్రం నావే.’

‘మరి రోజూ పాలు నువ్వే తెస్తావా?’

‘నేనేడ తేగలను? ఎవురికి వీలైతే వాళ్లు. నిన్న మా మనవడు తెచ్చినాడు.’

ఆ అమ్మాయి నోట్‌బుక్కులో అప్పటికే ‘రైతు’ అని ఒక డబ్బా గీసి పెట్టుకుంది. పేరు, ఫోన్ నంబరు, అకౌంట్ నంబరు, ఆవుల సంఖ్య అన్నీ అందులోనే. ఇప్పుడేమో ఆవులున్నది ఒకరికి, కార్డు, అకౌంట్ ఇంకొకరివి, పాలు పోసేది మూడో మనిషి. నా వైపు చూసింది. నేను ఏమీ చెప్పలేదు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ఆ డబ్బాను కొట్టేసి పక్కన ‘కార్డు’ అని రాసుకోవడం చూశాను. డెయిరీకి కావాల్సింది కార్డూ అకౌంటూ మాత్రమే. ఆవు ఎవరిదన్న గొడవ దానికి అక్కర్లేదు. పశువుల బీమా సాఫ్ట్‌వేర్ చేస్తుంటే మాత్రం ఆవు ఎవరిదన్నదే అసలు ప్రశ్న. ఒకే ఊరు, అవే మనుషులు, పని మారితే మోడల్ మారిపోతుంది. నేను సెమిస్టర్ పొడుగునా చెప్పాలనుకున్నది ఈ ఒక్క ముక్కే. అవ్వ ఒక్క నిమిషంలో చెప్పేసింది.

క్లాసుకి తిరిగొచ్చాక క్లాస్ బొమ్మ జోలికి పోలేదు. ముందు ఆబ్జెక్ట్ బొమ్మలు. అంటే ‘కార్డు’, ‘పాలు’ అని ఊరికే పేర్లు రాయడం కాదు, తెచ్చిన స్లిప్పుల్లో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద పెట్టడం. మాన్యువల్లో ఈ బొమ్మ ఎక్కడో చివర్లో ఒక మూల ఉంటుంది, చాలామంది దాన్ని దాటేస్తారు. నా లెక్కలో మొదట నేర్పాల్సింది ఇదే. బోర్డు మీద రెండు స్లిప్పులు ఇలా పెట్టాం.

కోడ్ 47, 9వ తేదీ ఉదయం, 4.6 లీటర్లు, వెన్న 3.9, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4, రేటు 34.20, మొత్తం 157.32.

కోడ్ 47, 10వ తేదీ సాయంత్రం, 4.2 లీటర్లు, వెన్న 3.9, ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4, రేటు 33.50, మొత్తం 140.70.

‘ఇందులో మీకేం కనిపిస్తోంది?’ అన్నాను. పాలు తగ్గాయన్నారు, డబ్బులు తగ్గాయన్నారు. పుంగనూరు అబ్బాయి ఒకడు లేచి, ‘మేడమ్, వెన్న అదే, ఎస్‌ఎన్‌ఎఫ్ అదే. రేటెందుకు మారింది?’ అన్నాడు. సెంటర్ గోడ ఫోటో తీయించింది ఇందుకే. పై నుంచి కిందికి వెన్న శాతం, అడ్డంగా ఎస్‌ఎన్‌ఎఫ్, రెండూ కలిసే గడిలో రేటు. ఆ చార్టు మీద ఇంకో చార్టు అంటించి ఉంది, కొత్త కాగితం అంచు కింద పాతదాని గడులు కనిపిస్తున్నాయి. పదో తేదీ నుంచి డెయిరీ రేట్లు మార్చింది.

అంతవరకు అందరి బొమ్మల్లోనూ రేటు ‘సెంటర్’ డబ్బాలో ఒక అంకెగా ఉంది. ‘పదో తేదీన ఆ అంకె మార్చారు. పదిహేనో తేదీన బిల్లు తీశారు. తొమ్మిదో తేదీ పాలకు ఏ రేటు పడుతుంది?’ అన్నాను. ఇంట్లో పాల బిల్లు లెక్కలు చూసేవాళ్లకు వెంటనే వెలిగింది. క్లాసు రెండు ముక్కలైంది.

ఒక వర్గం వాదన: పాలు పోసిన ప్రతిసారీ ఆ రేటును ఆ పోతలోనే (ఒకసారి పాలు పోసిన లెక్కను అలా పిలుచుకున్నాం) రాసిపెట్టేద్దాం, ఇక చార్టు మారినా మనకు బాధ లేదు. రెండో వర్గం: చార్టుకే ‘ఎప్పటి నుంచి అమలు’ అన్న తేదీ ఇద్దాం, పోత నుంచి చార్టుకి గీత గీద్దాం, రేటు అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. పీరియడ్ అయిపోయినా వాదన ఆగలేదు, క్యాంటీన్ దాకా పోయింది. ఏది రైటు అని నన్ను అడిగారు. నేను ఎదురు ప్రశ్న వేశాను: ‘చార్టులో ఒక గడి తప్పుగా ప్రింటయింది, డెయిరీ వాళ్లు వారం తర్వాత దిద్దారనుకోండి. ఎవరెవరికి తేడా ఇవ్వాలో మీ బొమ్మ చెబుతుందా?’ మొదటి వర్గం బొమ్మ చెప్పలేదు. ‘సరే, ఆ రోజు రైతు చేతికిచ్చిన స్లిప్పులో ఎంత ఉందో మీ బొమ్మ చెబుతుందా?’ ఇది రెండో వర్గానికి. చార్టు దిద్దేశాక వాళ్లదీ చెప్పలేదు. చివరికి గీతా ఉంచారు, స్లిప్పు మీద పడ్డ అంకె కూడా పోతలో విడిగా ఉంచారు. ఒకే విషయం రెండు చోట్ల ఉండకూడదని డేటాబేస్ సబ్జెక్టులో నేర్చుకున్నారు కదా, ఒకమ్మాయి అదే అడిగింది. ‘అవి రెండూ ఒకే విషయమా?’ అన్నాను. ఇవ్వాల్సిన రేటు ఒకటి, ఇచ్చిన రేటు ఒకటి. ఆ అమ్మాయే వెళ్లి బోర్డు మీద రెండింటికీ వేరువేరు పేర్లు రాసింది.

విరిగిన పాల దగ్గర ఇంకో మలుపు వచ్చింది. ఊరి సెంటర్లో అందరి పాలూ క్యాన్లలో కలిసిపోతాయి. ఆ క్యాన్ చిల్లింగ్ సెంటర్‌కి చేరేసరికి విరిగిపోతే నష్టం ఎవరిది? పిల్లలు చాలా హుషారుగా పోతకీ క్యాన్‌కీ గీత గీసేశారు. ప్రతి పోతలో క్యాన్ నంబరు ఉంటే ఎవరెవరి పాలో తెలిసిపోతుంది కదా అన్నారు. వినడానికి బాగానే ఉంది. సెంటర్ నడిపే ఆయనకు ఫోన్ చేసి అడగమన్నాను. స్పీకర్ పెట్టారు. ఆయన నవ్వేశాడు. ‘సాయంత్రం పూట జనం గుమ్మి ఉంటారమ్మా. నేను పాలు కొలవాలా, క్యాన్ నంబర్లు రాస్తా కూర్చోవాలా?’ అన్నాడు. గీత తీసేశారు. బదులుగా ఒక పూటలో నిండిన క్యాన్లను ఆ పూటకే కలిపారు. నష్టం ఎవరిదో ఖచ్చితంగా తేలదు, ఏ పూటదో మాత్రం తేలుతుంది. జరగని పనిని జరిగినట్టు బొమ్మలో గీసేస్తే, రేపు ఆ గడి నింపడానికి ఎవరో ఒకరు ఊరికే ఏదో ఒక నంబరు కొడతారు. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు మన చుట్టూ ఎన్ని లేవు!

క్లాస్ బొమ్మ చివరికి గీశాక ఒక పద్ధతి పెట్టాను. ప్రతి గీతనూ రెండు వైపుల నుంచీ తెలుగులో పైకి చదవాలి. ‘ఒక్కో కార్డు మీద ఎన్ని పోతలైనా ఉండొచ్చు. ఒక్కో పోత ఒక్క కార్డుదే.’ ఇది తేలిగ్గా పోయింది. ‘ఒక్కో కార్డుకి ఒక్క అకౌంటే. ఒక్కో అకౌంట్‌కి...’ అంటూ ఐరాల అమ్మాయి ఆగిపోయింది. వాళ్లింట్లో అమ్మకో కార్డు, నాన్నకో కార్డు ఉన్నాయట. రెండింటి డబ్బులూ ఒకే అకౌంట్లో పడతాయో లేదో తెలియదు. అక్కడికక్కడే వాళ్ల నాన్నకు ఫోన్. ‘పడతాయి మ్మా, ఎందుకు?’ అన్నాడాయన. ఒకటి అని రాసిన చోట నక్షత్రం గుర్తు (ఎన్నైనా అని అర్థం) వచ్చి చేరింది. గుర్తులు మాత్రమే చూస్తూ పోతే ఆ ‘1’ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. నోటితో చదివితే తడబాటు దానంతట అదే తెలుస్తుంది.

అగ్రిగేషన్, కంపోజిషన్ గొడవకు ఒక్క పీరియడ్ కూడా ఇవ్వలేదు. ఖాళీ డైమండ్‌కి ఖచ్చితమైన అర్థం వాడే రంగాన్ని బట్టీ, గీసేవాళ్లను బట్టీ మారుతుందని యూఎంఎల్ ప్రమాణంలోనే రాసి ఉంది. వైవాలో (నోటి పరీక్షలో) అడుగుతారు కాబట్టి జవాబు మాత్రం చెప్పించాను. మామూలు గీత, దాని రెండు చివర్లా అంకెలు సరిగ్గా ఉంటే ఈ స్థాయిలో చాలు.

ఒక వస్తువు ఏయే దశలు దాటుతుందో చూపే స్టేట్ బొమ్మలకు వచ్చేసరికి పాల సెంటర్ సరిపోలేదు, అక్కడ దశలు తక్కువ. దానికి అలిపిరి పనికొచ్చింది. నడిచి కొండెక్కే భక్తులు కింద లగేజీ ఇచ్చి రసీదు తీసుకుంటారు, సుమారు 3,550 మెట్లు ఎక్కాక పైన కౌంటర్లో బ్యాగు తీసుకుంటారు. తిరుపతిలో చదివే పిల్లలకు వివరించే పనే లేదు. డేవిడ్ హారెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఇజ్రాయెల్‌లో ఒక యుద్ధవిమానం తాలూకు ఎలక్ట్రానిక్స్ మీద పనిచేస్తూ తయారుచేసి 1987లో ప్రచురించిన స్టేట్‌చార్టుల నుంచే ఈ బొమ్మ వచ్చింది. విమానానికి పనికొచ్చింది బ్యాగుకి పనికిరాదా అని మొదలుపెట్టాం.

మొదటి బొమ్మ అందరిదీ ఒకటే: ఇచ్చారు, వాహనంలో ఉంది, పైన కౌంటర్లో ఉంది, తీసుకున్నారు. నాలుగు డబ్బాలు, మూడు బాణాలు, అయిపోయింది మేడమ్! అప్పుడు ఒక పట్టిక వేయించాను. నిలువుగా ఈ నాలుగు దశలు. అడ్డంగా జరగగల సంగతులు: వాహనం బయల్దేరింది, వాహనం చేరింది, భక్తుడు రసీదు చూపించాడు, రసీదు పోయిందన్నాడు, వెనక్కి కావాలన్నాడు. ప్రతి గడిలోనూ ‘ఏమవుతుంది’ అన్నది రాయాలి. జరగడానికి వీల్లేకపోతే వీల్లేదని రాయాలి. ఖాళీగా మాత్రం వదలకూడదు.

ఆ పట్టికతో ల్యాబ్ స్వరూపమే మారిపోయింది. ‘గాలిగోపురం దాకా ఎక్కి, మోకాళ్లు పట్టేసి కిందికి దిగొచ్చేశాడు. బ్యాగు అప్పటికే వాహనంలో ఉంది. ఇప్పుడెలా?’ ‘భక్తుడి కన్నా బ్యాగు ఆలస్యంగా చేరితే?’ ‘రసీదు భార్య దగ్గర ఉంది, ఆమె వెనకబడిపోయింది, భర్త ముందొచ్చి అడుగుతున్నాడు?’ ఒక్కో గడిలోంచి ఒక్కో కథ బయటికొచ్చింది. కొందరైతే ఆ వారం అలిపిరి వెళ్లి కౌంటర్ దగ్గర కాసేపు నిలబడి చూసి వచ్చారు. ప్రోగ్రాంలో బగ్గులు ఎక్కువగా దాక్కునేది ఇలా ఎవరూ ఆలోచించని గడుల్లోనే అని నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. వాళ్లే తమ పాత మినీ ప్రాజెక్టుల్లో అలాంటి గడులు వెతుక్కున్నారు.

టూల్స్ గురించి ఒక మాట. మా పాత మాన్యువల్లో బొమ్మలు గీసే టూల్‌గా ఇంకా రేషనల్ రోజ్ అనే ఉంది. రేషనల్‌ని ఐబీఎం 2003లో కొనేసింది, ఈ పిల్లల్లో కొందరు అప్పటికి పుట్టనే లేదు. ల్యాబ్ మెషిన్లలో స్టార్ యూఎంఎల్ ఉంది. కానీ మొదటి వారాల్లో ఏ టూలూ ముట్టుకోనివ్వలేదు, చార్టు పేపరూ స్కెచ్ పెన్నులే. టూల్ చేతికిస్తే డబ్బాలకు రంగులేయడం, గీతలు వంకర్లు తీయడంలోనే గంట గడిచిపోతుంది. పైగా నీట్‌గా వచ్చిన బొమ్మను కొట్టేయడానికి ఎవరికీ మనసొప్పదు. చార్టు పేపర్ అయితే చింపేస్తారు. సెమిస్టర్ సగమయ్యాక ప్లాంట్‌యూఎంఎల్‌కి మారాం. అందులో బొమ్మను మాటల్లో రాస్తే అదే గీసిపెడుతుంది. మాటల్లో ఉంటుంది కాబట్టి గిట్‌లో (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) పెట్టుకోవచ్చు, నిన్నటికీ ఇవాళ్టికీ ఏ గీత మారిందో ఒక్క చూపులో కనిపిస్తుంది.

ఏఐ సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. చాట్‌జీపీటీని ‘పాల సెంటర్‌కి క్లాస్ బొమ్మ ఇవ్వు’ అంటే క్షణాల్లో ఇచ్చేస్తుంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఫార్మర్, మిల్క్, పేమెంట్, అడ్మిన్. ఒక బ్యాచ్ దాన్నే ప్రింట్ తీసుకొచ్చింది. నేను తిట్టలేదు, నా దగ్గరున్న రెండు స్లిప్పులు ఇచ్చి, ‘వీటిని ఈ బొమ్మ మీద నడిపించండి’ అన్నాను. తొమ్మిదో తేదీ పాలు నడిచాయి. పదో తేదీ సాయంత్రం దగ్గర ఆగిపోయింది. రేటు చార్టు ఆ బొమ్మలో ఎక్కడా లేదు. దానికి మన గోడ మీద కాగితాలు తెలియవు కదా. మర్నాటి నుంచి ఆ బ్యాచ్ వాళ్లు దాన్ని వేరేగా వాడుకున్నారు: తమ బొమ్మను దానికే ఇచ్చి, ఇందులో నడవని సందర్భాలు చెప్పమని అడిగారు. అందుకు నాకేం అభ్యంతరం లేదు.

మార్కులు కూడా ఈ నడకకే ఇచ్చాను. ఇంటర్నల్ వైవాలో ఒక్కొక్కరికీ ఒక సందర్భం రాసిన చీటీ ఇస్తాను. వేలు పెట్టి తమ బొమ్మ మీద అది ఎలా జరుగుతుందో చూపించాలి. ఎక్కడైనా ఆగిపోతే, ఆగిందని తనే గుర్తుపట్టి ఏం మార్చాలో చెబితే పూర్తి మార్కులు. ఆగినా నడుస్తున్నట్టు వేలు జరిపేస్తే కోత. అరవై మందికి ఇలా చేయడం తేలికేం కాదు, సాయంత్రాలు కాలేజీ బస్సు పోయేదాకా కూర్చోవాల్సి వచ్చింది. కాపీ పూర్తిగా ఆగిందా అంటే, లేదు. కానీ పక్కవాడి బొమ్మ తెచ్చుకున్నవాడు కూడా దాన్ని నడిపించడానికి రాత్రంతా పక్కవాడి దగ్గర చెప్పించుకోవాల్సి వచ్చింది. అది చాలు నాకు.

అందరికీ నచ్చిందనీ అనుకోవద్దు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ టెన్షన్‌లో ఉన్నవాళ్లు మొహం మీదే అడిగారు: ‘మేడమ్, ఇంటర్వ్యూల్లో డేటా స్ట్రక్చర్స్ అడుగుతారు గానీ యూఎంఎల్ ఎవరడుగుతారు?’ నిజమే, కంపెనీల్లో 14 రకాల బొమ్మలూ గీసేవాళ్లు ఎక్కడో గానీ ఉండరు, ఆ మాట నేను దాచలేదు. వైట్‌బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి ‘ఇది ఇక్కడెందుకుంది?’ అని కొట్లాడుకునేవాళ్లు మాత్రం అన్ని చోట్లా ఉంటారు. దానికి పనికొస్తుందన్నాను. కొందరు నమ్మారు, కొందరు ‘సరేలే మేడమ్’ అని రికార్డు పూర్తి చేసుకుని పోయారు.

ఆ తర్వాతి బ్యాచ్‌కి కొత్త సమస్య ఇవ్వకుండా సీనియర్లు గీసిన బొమ్మలే చేతికిచ్చి, ఒక్క మార్పు చెప్పాను. సెంటర్లో ఇప్పుడు దాణా బస్తాలు అప్పు మీద ఇస్తున్నారు, ఆ డబ్బు పదిహేను రోజుల పాల బిల్లులో పట్టుకుంటారు. ఇది ఎక్కడ పెడతారు? సీనియర్ల బొమ్మలో బిల్లు నుంచి పోతలకు తప్ప ఇంక దేనికీ గీత లేదు. బిల్లు అంటే పోతల మొత్తమే అనుకున్నారు వాళ్లు. జూనియర్లు పోతనీ దాణానీ బిల్లులో రెండు రకాల పద్దులుగా మార్చారు, ఒకటి కలిసేది, ఒకటి తీసేసేది. దాణా అప్పు పాల డబ్బు కన్నా ఎక్కువైతే ఏం చేయాలో తెలియక మళ్లీ ఊళ్లకు ఫోన్లు చేశారు. మిగిలింది వచ్చే బిల్లుకి మోస్తారట.

అక్కడిదాకా బాగానే నడిచింది. ఆగిపోయింది వేరే చోట. ‘స్లిప్పు రేటు, చార్టు రేటు అని రెండెందుకున్నాయి? ఒకటి తీసేయొచ్చా?’ అని జూనియర్లకు అనుమానం వచ్చింది. బొమ్మలో దానికి జవాబు లేదు. హాస్టల్‌కి వెళ్లి సీనియర్లను పట్టుకుంటే, క్యాంటీన్ దాకా పోయిన అంత వాదనా వాళ్లలో సగం మందికి గుర్తే లేదు. అందుకని ఇప్పుడు ప్రతి బొమ్మ వెనక అరపేజీ రాయిస్తున్నాను: ఏ డబ్బా ఎందుకు ఉంచారు, ఏది ఎందుకు తీసేశారు, ఎవరిని అడిగి తెలుసుకున్నారు. ఆ అరపేజీ లేని రికార్డు మీద సంతకం పెట్టట్లేదు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన ఒకాయన ఆ పేజీలు తిరగేసి, డైమండ్ల సంగతి పక్కనపెట్టి, దాణా అప్పు గురించి చాలాసేపు అడిగారు. ఆయన ఇంట్లోనూ ఆవులున్నాయట.